దమ్ము చాలని ఇంజను

గత వేసవి సెలవులలో ఒక మధ్యాహ్నవేళ పెద్దారవీడులో మా ఇంటి అరుగుమీద కూర్చుని ఉండగా, కొన్నేళ్ల క్రితం మన కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతూ మధ్యలోనే మానివేసిన ఒక విద్యార్థి చేతిలో చిన్న గుడ్డమూటతో వచ్చాడు. మామిడిపండ్లు తెచ్చాడు కాబోలుననుకున్నాను. మూట విప్పితే లోపల అల్యూమినియంతో పోతపోసిన, అరచేతిలో ఇమిడే యంత్రభాగమొకటి, నూనె మరకలతో అట్టలు ఊడిపోయిన పుస్తకమొకటి కనిపించాయి. ఆ యంత్రభాగం పేరు కార్బ్యురేటర్. ఆ పుస్తకం ఇంజనుతోపాటు కంపెనీవారు ఇచ్చిన సూచనల పుస్తకం. అది ఆంగ్లంలో ఉంది.

"సార్, ఇంజనుకు గాలి ఎక్కువ ఇస్తే బలం పెరగాలి గదా! మరి నా ఇంజను ఎందుకు పట్టేసింది?" అని అడిగాడు.

నేను తెలుగు ఉపన్యాసకుణ్ణి. విశ్వవిద్యాలయంలో ఛందస్సు, అలంకారశాస్త్రం, భాషాచరిత్ర చదువుకున్నవాణ్ణి. యంత్రాలతో నాకు గల సంబంధం నా మోటారుసైకిలును అప్పుడప్పుడు షెడ్డుకు నడిపించుకొని పోవడం వరకే. కాబట్టి ఆ ప్రశ్నకు అక్కడికక్కడ సమాధానం చెప్పలేకపోయాను. సమాధానం తెలుసుకోవడానికి భౌతికశాస్త్ర ఉపన్యాసకుల సహాయంతో నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఈ రెండు నెలలలో ఇంజనును గురించి కొంత తెలిసింది. భాష బోధించే మావంటివారిని గురించి అంతకన్న ఎక్కువ తెలిసింది. రెండూ విన్నవించడానికే ఈ వ్యాసం.

మెట్టప్రాంతపు పిల్లవాడికి పడవ ఇంజనుతో ఏమి పని అని పాఠకులకు సందేహం కలగవచ్చు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నల్లమల నీడన పలకరాయి తవ్వుకుంటూ బతికిన మనకు ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి సముద్రాన్ని తెచ్చిపెట్టిందని మా ఊరి పెద్దలు హాస్యమాడేవారు. ఈ విద్యార్థి తండ్రి బావులమీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. బావులు ఎండి బోర్లు వచ్చాయి, ఆయిల్ ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చింది. తండ్రి విద్య కొడుకు చేతికి అబ్బింది గాని ఆ విద్యకు ఊళ్లో పని లేకపోయింది. ఇంజన్లు ఇంకా మిగిలి ఉన్న చోటు వెదుక్కుంటూ అతడు కొత్తపట్నం తీరానికి చేరాడు. అక్కడ ఒక ఉస్తాదు వద్ద శాగిర్దుగా చేరి మూడేళ్లలో చేయి తిరిగిన పనివాడయ్యాడు. వానలు ముఖం చాటేసినప్పుడు మన పిల్లలు పోయే దారులలో ఇదీ ఒకటి.

పడవ వెనుక చెక్కకు బయటినుంచి బిగించి, పని ముగిశాక విప్పి భుజాన వేసుకొని ఇంటికి తెచ్చుకోగల ఇంజనును ఔట్‌బోర్డ్ ఇంజను అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో దీనిని అమ్మకానికి అనువుగా తయారుచేశాడు. ఆయన కూడా బడిలో ఎక్కువకాలం కూర్చున్నవాడు కాదు, షెడ్డులో చదువుకున్నవాడు. మన కోస్తాలో తెరచాప, తెడ్లతో నడిచిన నావలకు గడచిన నాలుగైదు దశాబ్దాలలో ఇంజన్లు వచ్చాయి. ఇసుకతీరం నుంచి నేరుగా సముద్రంలోకి దిగే మన పడవలకు ఇంజను ఎంత అవసరమో తీరానికి సమాంతరంగా విరిగే అలలను చూసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అలల వరుస దాటేటప్పుడు ఇంజను ఆగిందా, పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను తరువాతి అల బోల్తా కొట్టిస్తుంది. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని ప్రార్థన.

ఇక మన విద్యార్థి చేసినదేమిటి? ఫోనులో ఒక వీడియో చూశాడు. ఏదో విదేశంలో పందెపు పడవ ఇంజనుకు గాలి పోయే దారిని వెడల్పు చేసి వేగం పెంచిన వీడియో అది. మాటలు అర్థం కాలేదు, చేతులు మాత్రం అర్థమయ్యాయి. తానూ అలాగే చేశాడు. గాలిదారికి ముందు ఉండే శబ్దనిరోధకపు పెట్టెను ఊడదీశాడు. కార్బ్యురేటర్ గొంతును ఆకురాయితో, గరుకు కాగితంతో ఓపికగా అరగదీశాడు. ఇరవై మిల్లీమీటర్ల గొంతు ఇరవైనాలుగు మిల్లీమీటర్లకు వచ్చింది. ఎంత నున్నగా అరగదీశాడో నేను వేలుపెట్టి చూశాను. పనితనంలో ఏ లోపమూ లేదు. నీళ్లు నింపిన డ్రమ్ములో పెట్టి ఇంజను తిప్పితే అది సింహంలా గర్జించింది. పెట్టె తీసివేస్తే గాలి చప్పుడు పెరుగుతుందని, ఆ చప్పుడు బలం కాదని చెప్పేవారు అక్కడ లేరు. పడవ యజమాని సంతోషించి వీపు తట్టాడు. ఏప్రిల్ మొదటివారంలో పడవ వేటకు వెళ్లింది. తీరం దాటిన అరగంటకు, నిండు వేగంతో పోతుండగా పిస్టన్ పట్టేసింది. అల్లాహ్ దయవల్ల అప్పటికే అలల వరుస దాటి ఉన్నారు. మరొక పడవవారు తాడు కట్టి లాక్కొని వచ్చారు. ప్రాణనష్టం జరగలేదు. ఇంజను బాగుచేయించే ఖర్చు మాత్రం ఇతడి కూలిలో విరుగుతోంది.

"గాలి ఎక్కువైతే బలం పెరగాలి గదా" అన్న ప్రశ్నలో సగం సత్యం ఉంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి ఎంత గాలి కావాలో లెక్కవేసి చూశాము. బరువులో చెప్పాలంటే ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ తూగుతుంది. దానికి దాదాపు పదకొండు కిలోల గాలి కావాలి. మన వాతావరణంలో పదకొండు కిలోల గాలి అంటే తొమ్మిదివేల లీటర్ల పైచిలుకు! ఇంజను తాగేది పెట్రోలని మనం అనుకుంటాము, నిజానికి అది బతికేది గాలిమీద. అందువల్ల గాలిదారి ఇరుకైతే ఇంజను ఆయాసపడుతుందన్నది వాస్తవమే. పందెపు ఇంజన్లకు గాలిదారి వెడల్పు చేయడమూ వాస్తవమే.

మిగిలిన సగం సత్యం ఆ గొంతులోనే ఉంది. కార్బ్యురేటర్ గొంతు ఇరుకుగా ఉండటం తయారుచేసినవారి పిసినారితనం కాదు. ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గినచోటికి చిన్న రంధ్రంగుండా పెట్రోలు తనంతట తానే పైకి లేచి వస్తుంది. ఆ రంధ్రాన్నే జెట్ అంటారు. ద్రవాల విషయంలో వేగానికీ ఒత్తిడికీ గల సంబంధాన్ని బెర్నూలీ 1738లో ప్రకటించాడు, ఇరుకు గొట్టంలో అది ఎలా వ్యక్తమవుతుందో ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ 1797లో వివరించాడు. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు బెర్నూలీ సూత్రాన్ని కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నారు. ఈ విద్యార్థి కూడా ఒకప్పుడు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు లెక్క చూడండి. గొంతు వ్యాసం ఇరవై నుంచి ఇరవైనాలుగుకు పెరిగితే వైశాల్యం ఒకటికి 1.44 రెట్లవుతుంది. అంతే గాలి పోతున్నప్పుడు దాని వేగం ఆ మేరకు తగ్గుతుంది. పెట్రోలును లాగే శక్తి వేగం వర్గాన్ని అనుసరించి ఉంటుంది గనుక అది సగానికన్న తక్కువకు పడిపోతుంది. నాలుగు మిల్లీమీటర్ల ఆకురాయి పనితో ఇంజను పీల్చే శక్తిలో సగం పోయింది! నిండు వేగంలో ఇంజను మరికొంత గాలి లాగి ఈ లోటు కొంత పూడ్చుకోగలదేమోగాని, నెమ్మదిగా పోయేటప్పుడు, అంటే అలల వరుసలో ఆచితూచి వేగం పెంచి తగ్గించవలసిన ఆ క్షణాలలో, దానికి ఆ అవకాశం లేదు. అది దగ్గి, తడబడి, ఆగిపోవచ్చు. పిస్టన్ పట్టేయడం నడిసముద్రంలో జరిగింది గాని, అంతకన్న పెద్ద ప్రమాదం తీరం దగ్గరే పొంచి ఉండినదని లెక్క తేలిన తరువాత గాని మాకు తోచలేదు.

గాలి పెరిగి పెట్రోలు తగ్గితే మిశ్రమం పలుచనవుతుంది. పలుచని మిశ్రమం ఇంజనును విపరీతంగా వేడెక్కిస్తుంది. పైగా ఇది రెండు స్ట్రోకుల ఇంజను. అందులో పిస్టన్‌కు తడి అందించే నూనె విడిగా ఉండదు, పెట్రోలులోనే కలిసి వస్తుంది. పెట్రోలు తగ్గితే నూనే తగ్గుతుంది. వేడి పెరిగి, నూనె తరిగి, పిస్టన్ ఉబ్బి గోడను కరచుకుంది. షెడ్డు భాషలో 'పట్టేసింది'. ఇంత నిర్దుష్టమైన మాట ఏ పారిభాషిక నిఘంటువులోనూ నాకు దొరకలేదు.

అయితే ఇంజనుమీద చేయి వేయకూడదని నేను అనడం లేదు. అది పిరికివారి సలహా. గొంతు పెంచితే జెట్‌ను కూడా తగినట్టు పెంచాలి, పెంచిన ప్రతిసారీ స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూడాలి. లేత గోధుమరంగు ఆరోగ్యం, తెల్లబారితే పలుచన, నల్లని మసి పడితే చిక్కన. గాలిదారిలో ఉన్న పలుచని రేకుల కవాటం చివరలు విరిగాయేమో, సరిగా మూసుకుంటున్నాయో లేదో వెలుతురుకు పట్టి చూడాలి. గ్యాస్కెట్ల వద్ద దొంగగాలి జొరబడుతున్నదేమో చూడాలి. ఉప్పునీటి తుంపర లోపలికి పోకుండా చూడాలి. ఇవన్నీ కొత్త భాగమేదీ కొనకుండానే, ఇంజనుకు పుట్టుకతో ఉన్న బలాన్ని దానికి తిరిగి ఇచ్చే పనులు. కిరోసిన్‌తో నడిచేందుకు తయారైన రకాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒత్తిడి తక్కువగా ఉండేటట్టు నిర్మిస్తారు గనుక ఒక ఇంజనుకు నప్పిన మార్పు మరొక ఇంజనుకు నప్పదు.

మరొక సంగతి విన్నప్పుడు నేనూ, ఆ విద్యార్థీ కూడా నివ్వెరపోయాము. బరువుగా నీటిలో కూర్చొని పోయే పడవకు కావలసిన బలం, వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుందట. అనగా ఎంతో శ్రమపడి ఇంజను బలాన్ని నూటికి పది వంతులు పెంచినా పడవ వేగం నూటికి మూడు వంతులు మాత్రమే పెరుగుతుంది. గంటలో గమ్యం చేరే పడవ రెండు నిమిషాలు ముందుగా చేరుతుంది! పందెంలో రెండు నిమిషాలు విజయం కావచ్చును. వలలతో, ఐసుపెట్టెలతో, ఐదారుగురు మనుషులతో పోయే పడవకు అది ఒక బీడీ కాల్చుకొనే వ్యవధి. 1979లో ప్రారంభమై మద్రాసు కేంద్రంగా చిన్న మత్స్యకారుల కోసం పనిచేసిన బంగాళాఖాత పథకం ఇంధనవ్యయం తగ్గించే మార్గాలమీద ప్రచురణలు తెచ్చింది. వేగం కొద్దిగా తగ్గించుకోవడం, పడవకు తగిన పంకా ఎన్నుకోవడం అన్నవి ఆ మార్గాలలో ముఖ్యమైనవి. ఆ మాటలు మన తీరంలోని షెడ్డులదాకా తెలుగులో నడిచి వచ్చి ఉంటే ఈ ఆకురాయి పని జరిగేది కాదేమో.

ఆ నూనె మరకల పుస్తకాన్ని మేము వరుసగా చదువుకుంటూ పోయాము. శబ్దనిరోధకపు పెట్టె లేకుండా ఇంజను నడపరాదని, దానిని అమర్చి ఉంచే కార్బ్యురేటర్ కొలతలు నిర్ణయించారని అందులో స్పష్టంగా ఉంది. నాలుగే నాలుగు వాక్యాలు. మూడేళ్లుగా ఆ పుస్తకం ఆ షెడ్డు గూటిలోనే ఉన్నది. "బొమ్మలు చూశాను సార్, రాత చదవలేదు" అన్నాడు మన విద్యార్థి. పది సంవత్సరాల బడిచదువు, ఆపైన ఇంటర్మీడియట్‌లో ఒకటిన్నర సంవత్సరం చదివినవాడు ఆ మాట అన్నాడు. నేను అతడికి చంపకమాలకు గణాలు నేర్పాను. యతిస్థానం తప్పితే పేపరుమీద ఎర్రగీత గీశాను. ప్రాణాలమీదికి వచ్చే నాలుగు వాక్యాలు ఏ భాషలో ఉన్నా ఆగి, పదం పదం విప్పుకొని చదవాలనే అలవాటు మాత్రం నేర్పలేదు. ఛందస్సు బోధించినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. అక్కడితో నా బాధ్యత తీరిందనుకున్నందుకు ఉంది.

దేశభాషలలో శాస్త్రం చెప్పాలన్న సంకల్పం మనకు కొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైన పెద్దలు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి తెలుగులో శాస్త్రగ్రంథాలు తెచ్చారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనామాధ్యమంగా 1918లో ప్రారంభమైంది. దానికోసం అంతకుముందు సంవత్సరమే దారుల్ తర్జుమా అనే అనువాదశాఖ ఏర్పడి మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి పర్యవేక్షణలో పని మొదలుపెట్టింది. వైద్యం, ఇంజనీరింగు సైతం ఒకప్పుడు అక్కడ ఉర్దూలో చెప్పారంటే నేటి విద్యార్థులకు నమ్మశక్యం కాకపోవచ్చు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల తరగతులకు తెలుగు పాఠ్యగ్రంథాలు ఇచ్చింది. ఈ మహాప్రయత్నాలన్నీ తరగతిగదిదాకా వచ్చాయి. తరగతిగది నుంచి షెడ్డుకు పోయే దారిలోనే ఎక్కడో ఆగిపోయాయి.

మాట విషయమై ఒక చిన్న ముచ్చట. పుస్తకాలలో పిస్టన్‌కు 'ముషలకం' అని ఉన్నది. రోకలిని గుర్తుచేసే చక్కని మాటే. కాని దానిని షెడ్డులో పలికితే నన్ను చూసి నవ్వుతారు. అదే సమయంలో షెడ్డువారు ఎవరూ నేర్పకుండానే మిశ్రమాన్ని 'పలుచన' అనీ 'చిక్కన' అనీ అంటున్నారు. మజ్జిగకు, పప్పుచారుకు మన ఇళ్లలో వాడే మాటలే. ఎదుగూబొదుగూ లేని ఇంజనును చూసి "దీనికి దమ్ము లేదు" అంటారు. దమ్ అంటే ఉర్దూలో ఊపిరి. తెలుగువాడు ఆ మాటను తీసుకొని బలమనీ, ధైర్యమనీ అర్థం పెంచుకున్నాడు. ఊపిరీ బలమూ ఒకటే అన్న యంత్రశాస్త్ర రహస్యం ఆ ఒక్క మాటలో రెండు భాషలవారికీ ఉమ్మడిగా ఉన్నది. రెండు భాషల విభాగాలు ఒకే వరండాలో ఎదురెదురుగా ఉన్న మన కళాశాలకు ఇంతకన్న తగిన పని ఏమి ఉంటుంది?

ఇది ఐ.టి.ఐ. వారి పని గదా, పాలిటెక్నిక్ వారి పని గదా, ఆర్ట్స్ విభాగానికి ఎందుకని ఒక మిత్రుడు అడిగారు. ఇంజను బాగుచేయడం వారి పనే. వాక్యం చదివి అర్థం విప్పడం మాత్రం మా పని. ఆంగ్లం బాగా నేర్పితే సరిపోతుంది, అనువాదం ఎందుకని మరొకరు అన్నారు. ఆంగ్లం తప్పక నేర్పవలసిందే, నేను కాదనను. కాని పదేళ్ల తరువాత వచ్చే ఆంగ్లం కోసం ఈ ఏడాది వేటకు పోయే పడవ ఆగదు.

కమిటీ పెద్దలకు నా విన్నపం చిన్నదే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత కార్బ్యురేటర్, ఒక పాత పంపుసెట్టు ఇంజను, రెండు వెర్నియర్ కాలిపర్లు ఒక బల్లమీద పెట్టండి. పాత సామానుల దుకాణంలో తూకానికి దొరికే వస్తువులే. బెర్నూలీ సూత్రం చెప్పే రోజున ఆ గొంతులో వేలు పెట్టి చూడనివ్వండి. మార్కాపురం, పెద్దారవీడు, గిద్దలూరు షెడ్డులలో పనిచేసే మన పూర్వవిద్యార్థులు ఎంతమంది ఉన్నారో మనకు తెలియదు. పట్టా తీసుకొన్నవారి పేర్లే మన రిజిస్టరులో ఉంటాయి. మధ్యలో మానివేసినవారిని కూడా నెలకొక ఆదివారం పిలిచి, వారి వద్ద ఉన్న సూచనల పుస్తకాలు తెమ్మనండి. తెలుగు, ఉర్దూ చదివే మన విద్యార్థులు వారి పక్కన కూర్చొని ఒక్కొక్క పుట తిరగరాస్తారు. పరీక్షలో అనువాదానికి కేటాయించిన మార్కులకు ఇంతకన్న మంచి అభ్యాసం నాకు తెలియదు.

మా ప్రయత్నం మేము మొదలుపెట్టాము. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవైఒక్క రోజులపాటు ఇంజను పడవలకు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉన్న ఆ రోజులలోనే ఆ విద్యార్థి మూడుసార్లు పెద్దారవీడుకు వచ్చాడు. ముగ్గురు విద్యార్థులము, ఇద్దరు ఉపన్యాసకులము అని రాయబోయి ఆగాను, ఆ బల్ల చుట్టూ మేము ఐదుగురమూ విద్యార్థులమే. పదకొండు పుటలు తెలుగులోకి, అందులో నాలుగు ఉర్దూలోకి వచ్చాయి. నేను 'మిశ్రమం విరళమగుచో' అని రాసిన చోట అతడు పెన్సిలుతో కొట్టివేసి 'పలుచనైతే' అని దిద్దాడు. తెలుగు ఉపన్యాసకుడి వాక్యాన్ని దిద్దినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. ఆ దిద్దుబాటు అలాగే ఉంచాము. కొత్త కార్బ్యురేటర్, పాత పెట్టె తిరిగి బిగించి, జూన్ 15 తెల్లవారుజామున పడవ నీళ్లలో దింపారు. తొమ్మిది గంటలకు అతడి ఫోను వచ్చింది. ప్లగ్ విప్పి చూశాడట, గోధుమరంగులో ఉందట. పన్నెండో పుట, రేకుల కవాటాన్ని గురించినది, ఎప్పుడు పంపుతారని అడిగాడు.